నడినెత్తి నుంచి నేల అంచు దాకా

దొనకొండ స్టేషన్‌లో పట్టాలకు ఎదురుగా నిలబడి తల అటూ ఇటూ తిప్పితే, ఒకే జత పట్టాలు రెండు చోట్ల కలుసుకుంటున్నట్టు కనిపిస్తాయి. తూర్పున కురిచేడు వైపు సన్నబడి సన్నబడి చుక్కగా మారతాయి. పడమర గజ్జలకొండ వైపూ అంతే. కాళ్ల ముందు మాత్రం వాటి మధ్య ఎడం నిండుగా ఉంటుంది: మీటరుగేజి రోజుల్లో ఒక మీటరు, 1990ల్లో గేజి మారిన తరవాత 1,676 మిల్లీమీటర్లు. రెండు కొసల్లో కలిసి నడుమ విడిపోయే రెండు గీతలను స్కేలు పెట్టి గీయడం ఎవరి వల్లా కాదు. కనీసం ఒక్క గీతైనా వంగి తీరాలి. మామూలు కెమెరా ఈ చిక్కులో పడదు, ఎందుకంటే అది ఒక వైపే చూస్తుంది. తూర్పు కొసను చూపిస్తే పడమర కొసను కోసేస్తుంది. రెండు కొసలనూ, నడుమ నిలబడ్డ చోటునూ, పైనున్న ఆకాశాన్నీ ఒకే బొమ్మలో ఇమడ్చాలనుకున్న లెన్స్ మాత్రం పట్టాలను వంచక తప్పదు. ఫిష్‌ఐ లెన్స్‌ను చాలామంది వస్తువులను వంకరగా చూపించే సరదా సాధనంగా లెక్కేస్తారు. దాని చరిత్ర చూస్తే సంగతి వేరు. తన చుట్టూ గుండ్రంగా పరుచుకున్న లోకాన్ని ఎక్కడా కోయకుండా కాగితం మీదికి తెచ్చుకోవాలన్న అవసరంలోంచి అది పుట్టింది. వంకర ఆ పని కోసం చెల్లించిన ధర. జనాన్ని లాగేది కూడా ఆ వంకర కన్నా దాని వెనకున్న నిండుదనమేనని నా వాదన.

ఈ వాదనను నిలబెట్టి చూడటానికి దొనకొండ తగిన చోటు. గుంటూరు–గుంతకల్లు మార్గంలో, ఆవిరి ఇంజన్ల కాలంలో, లోకో షెడ్డు చుట్టూ పెరిగిన రైల్వే ఊరిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ విమానాల కోసం రన్‌వే కూడా వేసింది. ఆవిరి ఇంజన్లు పోయాయి, వాటితో పాటే షెడ్డూ పోయింది. రన్‌వే వేయడానికి ఏమేం కావాలో అవి మాత్రం మిగిలాయి: చదును నేల, అడ్డులేని చూపు, నెత్తిన బోర్లించినట్టుండే ఆకాశం. ఈ పడమటి ప్రకాశంలోనే చూపుకు రెండు నమూనాలు పక్కపక్కన దొరుకుతాయి. ఒకటి మార్కాపురం పలక. రాతిని పొరలుగా చీల్చి, నాలుగంచులా చెక్క చట్రం బిగించి దేశమంతటికీ పంపిన ఆ పలకల మీద ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. రెండోది కంభం చెరువు. కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర కాలంలో నిలిపిన నీళ్లవి, దాదాపు 7 కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు. ఫొటో పుట్టుకతో పలక వంశానిది. గాజు ప్లేటైనా, ఫిల్మైనా, ఇప్పటి సెన్సరైనా నాలుగు మూలల బల్లపరుపే. లోకం మాత్రం చెరువు మీద నిలిచిన ఆకాశం లాంటిది. దానికి మూలలు లేవు. ఫిష్‌ఐ చరిత్ర ఈ రెండింటినీ రాజీ చేయడానికి జరిగిన ప్రయత్నం.

ఆ అవసరం ఎంత పాతదో తెలుసుకోవడానికి ఇదే రైలు దారిలో తూర్పుగా గుంటూరు దాకా వెళ్లాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జూల్ జాన్సెన్, బ్రిటిష్ పక్షాన మేజర్ టెన్నెంట్ బృందం గుంటూరులో మకాం వేశారు. జాన్సెన్ వర్ణపటంలో సూర్యుడి అంచున లేచే జ్వాలలను పరిశీలించి, గ్రహణం లేని రోజున కూడా వాటిని చూడవచ్చని తేల్చాడు. హీలియం కథకు అది మొదటి అధ్యాయాల్లో ఒకటి. టెన్నెంట్ బృందం గాజు ప్లేట్ల మీద గ్రహణాన్ని ఫొటోలు తీసింది. ఆ ఫొటోలన్నీ సూర్యుడివే. అంటే అర డిగ్రీ వెడల్పున్న ఒక నల్ల బిళ్లవి, దాని చుట్టూ ఉన్న వెలుగువి. గ్రహణం మధ్యలో నిలబడ్డ జనానికి కలిగే అనుభవం అంత ఇరుకైనది కాదు. నడినెత్తి చీకటి పడుతుంది, నాలుగు దిక్కులా నేల అంచున సంధ్య కాంతి ఉంగరంలా నిలుస్తుంది, చుక్కలు బయటికొస్తాయి, పక్షులు గూళ్లకు మళ్లుతాయి. అప్పటి కెమెరాకు ఆ ఉంగరాన్ని పట్టే దారి లేదు. సూర్యుడు ప్లేటు మీదికి ఎక్కాడు, గ్రహణపు వేళ మాటల్లోనే మిగిలింది.

హైదరాబాదు వేధశాల కథ ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి చెబుతుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తరవాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, పారిస్‌లో 1887లో తలపెట్టిన అంతర్జాతీయ ఆకాశ పటం పనిలో పాలుపంచుకుంది. ఆకాశాన్ని రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకూ ఒక్కో గాజు ప్లేటు చొప్పున ఫొటో తీసి, అందులో చుక్కల స్థానాలు కొలవడం ఆ పద్ధతి. ఆకాశ గోళం మొత్తం సుమారు 41,253 చదరపు డిగ్రీలు. ఒక్కసారి కప్పడానికే పది వేలకు పైగా ప్లేట్లు కావాలి. అందుకే ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. తన వంతుకు వచ్చిన పట్టీల్లో హైదరాబాదు లక్షల చుక్కలను నమోదు చేసింది. ఆ పని మీద నాకు గొప్ప గౌరవం ఉంది. పలక పద్ధతి ఎంత నిశితంగా పనిచేయగలదో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. అయితే ఆ ప్లేట్లన్నీ పక్కపక్కన పరిచినా, ఒక ఫలానా రాత్రి ఒక ఫలానా చోట నిలబడ్డ మనిషికి ఆకాశం ఎలా ఉందో అవి చెప్పవు. చుక్కలు ఆగుతాయి, సంవత్సరాల తరబడి ముక్కముక్కగా తీసినా నష్టం లేదు. మబ్బులు ఆగవు.

మబ్బు దగ్గరే అసలు పేచీ మొదలైంది. ఆకాశంలో ఎంత భాగం మబ్బు కమ్మిందన్నది వాతావరణ శాస్త్రానికి ప్రాథమికమైన లెక్క. రైతుకూ అదే కావాలి, విమానం నడిపేవాడికీ అదే కావాలి. ఈ లెక్కను చాలా కాలం మనిషి కన్నే చేసింది. పరిశీలకుడు బయట నిలబడి చుట్టూ తిరిగి చూసి, మొదట్లో పదో వంతుల్లోనూ తర్వాతి కాలంలో ఎనిమిదో వంతుల్లోనూ అంచనా కట్టేవాడు. ఎనిమిది వంతుల ఆకాశంలో మూడు వంతులు మబ్బు అని రాస్తే ఆ మూడు అతని చూపులోనే ఉంది, ఇంకొకరు సరిచూసే వీలు లేదు. పైగా కంటికి ఒక బలహీనత ఉంది. ఆకాశం మనకు అర్ధగోళంలా కాక, పైన అణిగిన మూకుడులా కనిపిస్తుంది. నేల అంచున మబ్బులు ఒకదాని వెనక ఒకటి చేరి వాటి మధ్య సందులను కప్పేస్తాయి, కాబట్టి అక్కడ మబ్బు ఉన్నదానికన్నా ఎక్కువని తోస్తుంది. ఆకాశం మొత్తాన్ని ఒకే క్షణంలో ఒకే కాగితం మీద పట్టే సాధనం ఉంటే తప్ప ఈ లెక్కకు రుజువు ఉండదు. ఫిష్‌ఐ పుట్టింది సరిగ్గా ఈ ఖాళీలోకి.

దారి చూపింది చేప. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం చెప్పిన రాబర్ట్ విలియమ్స్ వుడ్, నీటి అడుగు నుంచి పైకి చూసే చేపకు లోకం ఎలా ఉంటుందన్న ప్రశ్న వేసుకుని 1906లో దాని మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. ఫిష్‌ఐ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. నీటిలోకి దిగే కాంతి వంగుతుంది. నేల అంచు నుంచి దాదాపు అడ్డంగా వచ్చే కిరణం కూడా నీటిలోకి వచ్చేసరికి నిట్టనిలువు గీతకు 48.6 డిగ్రీల లోపలికి మళ్లుతుంది. కాబట్టి కంభం చెరువు నిశ్చలంగా ఉన్న పొద్దున, లోపలి చేపకు గట్టు, చుట్టూ కొండలు, పైనున్న ఆకాశం, అంటే 180 డిగ్రీల లోకమంతా, 97 డిగ్రీల వెడల్పున్న ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోతుంది. మూడు మీటర్ల లోతున ఉన్న చేపకు ఆ కిటికీ నీటి మీద సుమారు 7 మీటర్ల అడ్డకొలత ఉంటుంది. కిటికీ అవతల నీటి పైతలం అద్దమై చెరువు అడుగునే తిరిగి చూపిస్తుంది. వుడ్ దీన్ని ఊహకు వదిలేయలేదు. బకెట్టు అడుగున ఫొటో ప్లేటు పెట్టి, నడుమ కాంతి దూరే సన్నని మార్గం ఉంచి, నీళ్లు నింపి ఫొటో తీశాడు. ఇక్కడ ఒక చిన్న సవరణ అవసరం. చేప కన్ను ఈ లెన్స్‌లా ఉండదు, ఆ పేరు చెప్పేది నీటి అడుగున చేప నిలిచిన చోటు గురించి. మన భాషలో చేపకన్ను అనగానే మీనాక్షి గుర్తుకొస్తుంది. రెప్ప లేని చేప చూపుతోనే గుడ్లను పొదుగుతుందని, అలాగే అమ్మ రెప్పవేయకుండా అందరినీ కనిపెట్టి ఉంటుందని పెద్దల వివరణ. ఎవరినీ వదలని చూపు అన్న భావం రెండు చోట్లా ఒకటే కావడం నాకు బాగా నచ్చిన సంగతి.

నీళ్ల బకెట్టు నుంచి గాజు లెన్స్‌కు ప్రయాణం మబ్బుల పుణ్యమే. 1922లో డబ్ల్యూ.ఎన్. బాండ్ నీటి బదులు అర్ధగోళపు గాజు ముక్క వాడే పద్ధతి చెప్పాడు. దాని లక్ష్యం మబ్బులను నమోదు చేయడం. 1924లో కేంబ్రిడ్జికి చెందిన రాబిన్ హిల్ ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసే లెన్స్‌ను వివరించాడు. లండన్‌లోని ఆర్ అండ్ జె బెక్ కంపెనీ దాన్ని తయారు చేసింది. ముందు ఒక పెద్ద నెలవంక ఆకారపు గాజు విశాలమైన చూపును లోపలికి వంచుతుంది, వెనకున్న లెన్సులు దాన్ని ప్లేటు మీద నిలబెడతాయి. నేటి ఫిష్‌ఐ లెన్సులకూ ఆ ఉబ్బెత్తు గాజు నుదురు ఆ వంశం నుంచే వచ్చింది. అలాంటి రెండు కెమెరాలను కొంత దూరంలో పెట్టి ఒకే క్షణంలో ఫొటోలు తీస్తే, రెండింట్లో ఒకే మబ్బు స్థానంలో వచ్చే తేడాను బట్టి దాని ఎత్తు లెక్కకట్టవచ్చు. మబ్బు ఎంత పరుచుకుందో, ఎంత ఎత్తున ఉందో రెండూ ఫొటో నుంచే తెలిశాయి. దొనకొండ రన్‌వే లాంటి వాటి మీద విమానం దింపేవాడు మొదట అడిగేవి ఈ రెండు ప్రశ్నలే.

తెలుగు పల్లెకు ఈ రకం చూపు కొత్తేమీ కాదు. చంద్రుడి చుట్టూ వలయం కనిపిస్తే వరద గుడి కట్టిందంటారు, దూరపు గుడి దగ్గర వాన అంటారు. ఎత్తున పలచగా పరుచుకున్న మబ్బులోని మంచు పలుకులు వెన్నెలను 22 డిగ్రీల మేర వంచడం వల్ల ఆ వలయం ఏర్పడుతుంది, దాని అడ్డకొలత 44 డిగ్రీలు. ఫొటోగ్రాఫర్లు నార్మల్ లెన్స్ అనే 50 మిల్లీమీటర్ల లెన్స్ అడ్డంగా 40 డిగ్రీలే చూస్తుంది. అంటే మన పెద్దలు వానకు సాక్ష్యంగా తీసుకున్న బొమ్మ ఆ ఫ్రేములో పట్టనే పట్టదు. కాస్త వైడ్ లెన్స్ పెడితే గుడి పడుతుంది కానీ, చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు కింది చేను పడదు. గుడినీ చేనునూ కలిపి చూసే రైతు చూపు, అంటే ఈ వలయం నా పొలానికి ఏం చెబుతోంది అన్న చూపు, ఫిష్‌ఐలోనే పూర్తిగా నిలుస్తుంది. వాన కోసం ఆకాశం చూడక తప్పని మెట్ట ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

రాబిన్ హిల్ పేరు చెట్ల చదువులో మరో రకంగా ప్రసిద్ధం. 1930ల చివర్లో, ఆకుల్లోంచి వేరుచేసిన పచ్చరేణువులు వెలుతురులో ఆక్సిజన్ విడుదల చేస్తాయని చూపించినది ఆయనే. ఇప్పటికీ ఆ చర్యను హిల్ చర్య అని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటున్నాం. మబ్బుల కోసం చేసిన ఆయన కెమెరా చివరకు చెట్ల కిందికి చేరింది. 1959లో ఇవాన్స్, కూంబ్ అనే కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు దాన్ని అడవి నేల మీద పైకి చూస్తూ నిలిపి, కొమ్మల మధ్య సందుల్లోంచి కనిపించే ఆకాశాన్ని ఫొటో తీశారు. ఆ గుండ్రటి ఫొటో మీద ఏడాది పొడవునా సూర్యుడు నడిచే దారులను గీస్తే, ఏ నెలలో ఏ గంటకు అక్కడి నేల మీద ఎండ పడుతుందో చదువుకోవచ్చు. ఒక్క ఫొటో ఏడాది పంచాంగం అవుతుంది. ఎండాకాలంలో ఆకు రాల్చి వానలకు మళ్లీ కమ్ముకునే నల్లమల వంటి అడవిలో, ఒకే చోటు నుంచి ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి అలాంటి ఫొటోలు తీస్తే, నేల మీద మొలిచే మొక్క బతుకు ఎలా మారుతుందో ఆ రెండు వృత్తాలే చెబుతాయి. వంకర లెన్స్ అని పేరుపడ్డది నిజానికి కొలత సాధనం. కేంద్రం నుంచి దూరం డిగ్రీల లెక్కన సమంగా పెరిగేలా చేసిన ఫిష్‌ఐ ఫొటోలో స్కేలు పెట్టి నడినెత్తి నుంచి ఏ మబ్బు ఎన్ని డిగ్రీలు వాలిందో చెప్పవచ్చు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఎంత కొలత సాధనమైనా, నిటారు స్తంభాన్ని విల్లులా చూపించేది అబద్ధం చెప్పినట్టు కాదా? ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది: మామూలు లెన్స్ నిజం చెబుతుందని. అది గీతలను తిన్నగా ఉంచుతుంది, నిజమే. అందుకు బదులుగా అంచుల్లో వస్తువులను సాగదీస్తుంది. పెళ్లి గ్రూపు ఫొటోలో ఇరుకు హాలు కారణంగా 24 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టినప్పుడు, వరస కొసల్లో నిలబడ్డవాళ్ల తలలు ఎత్తుతో పోలిస్తే పావు వంతు ఎక్కువ వెడల్పుగా వస్తాయి. కొసన నిలబడ్డ మేనమామ ఫొటోలో లావయ్యాడని అందరూ అనుకుంటారు, లెన్స్‌ను ఎవరూ తప్పుపట్టరు. నడి గీత నుంచి 60 డిగ్రీల పక్కకు వెళితే ఒక బంతి అడ్డంగా రెండింతలు సాగుతుంది. 90 డిగ్రీల దగ్గర ఆ బొమ్మ అనంతంగా సాగాలి, అందువల్ల ఎంత పెద్ద ఫిల్ము పెట్టినా తిన్నటి లెన్స్ 180 డిగ్రీలు చూడలేదు. భూగోళాన్ని బల్లపరుపు పటం చేసినవాళ్లు ఈ బేరం ఎప్పుడో చేశారు. 1569 నాటి మెర్కేటర్ పటంలో దిక్కులు సరిగా ఉంటాయి కానీ గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికన్నా పద్నాలుగింతలు పెద్దది. గుండ్రటిదాన్ని పలక మీదికి దించాలంటే తిన్నదనమో, ఆకారమో, వైశాల్యమో ఏదో ఒకటి వదులుకోవాలి. ఫిష్‌ఐ తిన్నదనాన్ని వదులుకుంది, ఆ వదులుకున్నది బయటికి కనిపిస్తుంది. మామూలు లెన్స్ ఆకారాన్ని వదులుకుంది, అది మన కంటికి అలవాటైపోయింది. తేడా అంతే.

మన స్టూడియో వృత్తిలోనే ఇందుకు మంచి సాక్ష్యం ఉంది. బడి ఏడాది చివరి గ్రూపు ఫొటో, ఆఫీసులో పదవీ విరమణ గ్రూపు ఫొటో తీసే పాత ఫొటోగ్రాఫర్లు నడుమ కుర్చీల్లో పెద్దవాళ్లను, వెనక బెంచీల మీద పొడుగువాళ్లను, ముందు నేల మీద పిల్లలను సర్దేవారు. అందులో చేయి తిరిగినవాళ్లు పెద్ద వరసను గీత గీసినట్టు కాకుండా కెమెరా వైపు కొద్దిగా వంపు తిప్పి నిలబెట్టేవారు. పాత లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ నిలిచే తలమే వంపుగా ఉండేది, జనం కూడా ఆ వంపున కూర్చుంటే కొసల ముఖాలు అలుక్కుపోవు. ఫొటోలో వరస తిన్నగా ఉన్నట్టే కనిపిస్తుంది, నేల మీద మాత్రం మనుషులు విల్లులా వంగి ఉన్నారు. అంటే వంపు ఎప్పుడూ ఉంది. లెన్స్ వంగనప్పుడు మనుషులను వంచారు. ఈ సంగతి ఫిష్‌ఐ కనిపెట్టకముందే స్టూడియోలవాళ్ల చేతికి తెలుసు.

ఆకాశం నుంచి వీధిలోకి ఈ లెన్స్ దిగిన కథను త్వరగా చెప్పుకోవచ్చు. జర్మనీలో ఏఈజీ కంపెనీ 1930ల్లో ఆకాశ కెమెరా చేసింది. ఉంబో అనే పత్రికా ఫొటోగ్రాఫరు దాన్ని బెర్లిన్ వీధుల మీదికి తిప్పాడు. జపాన్‌లో నిప్పన్ కొగాకు, అంటే తర్వాతి నికాన్, 1938లోనే మబ్బుల కోసం ఒక ఫిష్‌ఐ చేసి, 1962లో మామూలు ఫొటోగ్రాఫరు తన కెమెరాకు బిగించుకోగల 8 మిల్లీమీటర్ల లెన్స్‌ను బజారులోకి తెచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకే బర్డ్స్ బృందం పాటల రికార్డు అట్ట మీద, 1967లో అమెరికాలో వచ్చిన జిమీ హెండ్రిక్స్ రికార్డు అట్ట మీద ఫిష్‌ఐ బొమ్మలు వచ్చాయి. 1968లో కూబ్రిక్ సినిమాలోని మాట్లాడే కంప్యూటరుకు కన్నుగా కనిపించింది కూడా ఫిష్‌ఐ లెన్సే. స్కేట్‌బోర్డు కుర్రాళ్లు చక్రానికి అంగుళాల దూరంలో దాన్ని పెట్టి దూకే మనిషినీ దూకిన మెట్లనూ కలిపి చూపించారు. తలుపు మీద అమర్చే చిన్న గాజు కన్నూ, బ్యాంకుల కప్పు మీది కెమెరా బుడిపెలూ దీని చుట్టాలే. డిజిటల్ కెమెరాలు వచ్చాక తెలుగు పెళ్లి పందిట్లోకీ వచ్చింది. తలంబ్రాల వేళ మండపం పై నుంచి చూస్తే వధూవరులు నడుమన, చుట్టూ బంధువులు పూల రేకుల్లా విచ్చుకున్నట్టు వస్తారు.

ఇక్కడే రెండో అభ్యంతరం, మొదటిదానికన్నా బలమైనది. మొదటి ఫొటో ఆశ్చర్యపరుస్తుంది, పదోది విసుగు పుట్టిస్తుంది. ముక్కు పెద్దదై చెవులు మాయమైన ముఖాలు, అరటికాయలా వంగిన భవనాలు ఎన్ని చూస్తాం? ఈ మాటలో నిజముంది. అయితే విసుగు పుట్టించిన ఫొటోలు ఎలాంటివో చూడాలి. నిండుగా చూపించాల్సింది ఏమీ లేని చోట వంకర కోసమే లెన్స్ పెట్టినవి అవి. ముఖానికి 180 డిగ్రీలు అక్కర్లేదు. తలంబ్రాల ఫొటో విసుగు పుట్టించదు, ఎందుకంటే పెళ్లి నిజంగానే గుండ్రంగా జరుగుతుంది. నడుమ ఇద్దరు, చుట్టూ రెండు కుటుంబాలు, అందరి చూపూ లోపలికే. పక్క నుంచి తీసిన దీర్ఘచతురస్రపు ఫొటోలో సగం మంది వీపులే పడతాయి. ఈ లెన్స్ ఏ పనికి పుట్టిందో ఆ పనిలో, అంటే చుట్టూ ఉన్నది ముఖ్యమైన చోట, దాని వంకరను మనం మరిచిపోతాం. మబ్బుల ఫొటో చూసి వంకరగా ఉందని ఎవరూ అనరు. కంటికి కూడా ఈ నిండుదనం సహజమే. రెండు కళ్లూ కలిసి అడ్డంగా 180 డిగ్రీలకు మించే చూస్తాయి, లోపలి తెర బల్లపరుపు కాదు, గిన్నెలా వంపు తిరిగింది. అంచుల్లో స్పష్టత తక్కువైనా అంచులు ఉన్నాయన్న స్పృహ మనల్ని వదలదు. బహిరంగ ప్రదేశంలో నిలబడ్డామన్న భావం అక్కడి నుంచే వస్తుంది. ఫిష్‌ఐ చూసినప్పుడు కలిగే ఆ మొదటి ఆశ్చర్యంలో కొత్తదనం కొంతే. ఫ్రేము మనకు అలవాటు చేసిన కోతను తీసేయడం వల్ల కలిగే ఊరట చాలా ఉంది.

మూడో అభ్యంతరానికి మాత్రం నేను పూర్తి జవాబు ఇవ్వలేను, అది న్యాయమైనది కాబట్టి. అన్నీ చూపించే లెన్స్ దూరాన్ని చంపేస్తుంది. 8 మిల్లీమీటర్ల ఫిష్‌ఐతో తీసిన ఫిల్ము మీద చంద్రుడు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండడు. నేల అంచు మీద రెండు డిగ్రీల ఎత్తు లేచే కొండ వరస మూడో వంతు మిల్లీమీటరు కూడా ఉండదు. పడమటి ప్రకాశంలో ఎవరు ఎక్కడ నిలబడ్డా పడమటి దిక్కును నిర్ణయించేది నల్లమల. ఫిష్‌ఐలో అది వృత్తం అంచున ఒక వెంట్రుకవాసి గీత అయిపోతుంది. దగ్గరున్న నేల మాత్రం మైదానంలా ఉబ్బుతుంది. అర ఎకరం కూడా అంతులేనిదిగా కనిపిస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయి కొత్త రాజధాని వెతుకులాట సాగినప్పుడు దొనకొండ పేరు గట్టిగా వినిపించింది. ఆ చర్చలో ఇక్కడి విస్తారమైన ప్రభుత్వ భూమి ప్రధాన వాదన. అలాంటి సమయాల్లో ఖాళీ నేలను విశాలంగా చూపించే ఏ లెన్సైనా వాదనలో పక్షం తీసుకున్నట్టే అవుతుంది. నేల ఎంత ఉందో చూపిస్తుంది, ఆ నేలలో నీళ్లెంత లోతున ఉన్నాయో, వాటిలో ఫ్లోరైడ్ ఎంతుందో చూపించదు. దూరాన్ని కొలవాల్సిన చోట, హక్కును నిరూపించాల్సిన చోట ఈ లెన్స్ పనికిరాదు. అక్కడ గొలుసు, సర్వే రాయి, పలక లాంటి తిన్నటి పటం కావాలి.

అయినా ఈ లోపానికి తూకం వేయగల గుణం ఒకటి దానిలో ఉంది, దాన్ని తక్కువ మందే గమనించారు. 180 డిగ్రీల లెన్స్‌ను ముందుకు తిప్పి ఫొటో తీస్తే తీసేవాడి బూట్లు పడతాయి, మూడుకాళ్ల స్టాండు పడుతుంది, సాయంత్రమైతే నీడ పడుతుంది. సూర్యుడిని వీపు వెనక దాచుకోవడం కష్టం, కొంచెం పక్కకు జరిగినా అంచున వచ్చి కూర్చుంటాడు. మామూలు ఫ్రేములో ఫొటోగ్రాఫరు బయటివాడు, ఏది ఉంచాలో ఏది తీసేయాలో గుట్టుగా నిర్ణయించేవాడు. స్టేషన్ ఫొటో తీసేటప్పుడు పక్కనున్న చెత్త కుప్పను వదిలేయవచ్చు, శిథిలమైన క్వార్టర్సు తీసేటప్పుడు పక్కనున్న కొత్త కట్టడాన్ని కోసేయవచ్చు. పాడుబడ్డ రైల్వే ఊళ్ల మీద వచ్చే ఫొటోలు చాలావరకు అలా కోసి చేసినవే. అందుకే అవి ఊరిని బతికున్నప్పుడే బొమ్మను చేస్తాయి. ఫిష్‌ఐలో ఆ కోతకు అవకాశం బాగా తగ్గుతుంది. కూలిన గోడ, దాని పక్కనే టీ బండి, దానికి ఆనించిన మోటారు సైకిలు, పైన విద్యుత్తు తీగ, అన్నీ కలిసి వస్తాయి. ఏవి కలిసి రావాలో ఎంచే అధికారం తీసేవాడి చేతిలోంచి చాలావరకు జారిపోతుంది. ఒక ఊరి చరిత్ర రాసేవాడికి అలాంటి సాక్ష్యం ఎంత విలువైనదో ముందు తరాల ఫొటోల్లో ఫ్రేము అంచు దగ్గర సగం తెగిన మనుషులను చూసినప్పుడు తెలుస్తుంది.

హిల్ కెమెరా లాంటిది ఒకటి దొనకొండ రన్‌వే నడుమ, గాజు నుదురు పైకి తిప్పి నిలిపితే వచ్చే బొమ్మను లెక్కగట్టి చెప్పవచ్చు. వృత్తంలో చాలా భాగం ఆకాశమే. అంచున ఒక సన్నని పట్టీలో తుమ్మచెట్ల తలలు, ఎక్కడో ఒక చోట ఊళ్లోని ఇళ్ల పైకప్పులు, వాటికి కొంత ఎడంగా సెల్ టవరు. పడమర అంచున వెంట్రుకంత నల్లమల. ఆరుద్ర కార్తెలో అలాంటి ఫొటోలు పావుగంటకొకటి చొప్పున తీస్తే, ఆ వెంట్రుక మీదుగా తల ఎత్తిన మబ్బు మొదటి ఫొటోలో గింజంత ఉంటుంది, నాలుగో ఫొటోకు వృత్తంలోకి అడుగుపెడుతుంది, ఎనిమిదో ఫొటోకు నడినెత్తి దాటుతుంది. లేదా అంచు వెంటే దక్షిణానికి జారి, మళ్లీ చెట్ల తలల వెనక దిగిపోతుంది.